డాబా మీద కవితలు, బొమ్మలు, వీడియోలు: ఒక సాయంత్రాన్ని నడిపే పద్ధతి

మాది విశాఖపట్నం. డాబాగార్డెన్స్ దగ్గర చిన్న డీటీపీ, జెరాక్స్ షాపు నడుపుతాను. పెళ్ళికార్డులు, ఓణీల ఫంక్షన్ పిలుపులు, ట్యూషన్ కరపత్రాలు టైపు చేసే ఈ చోటికే కవితలు టైపు చేయించుకోడానికి కూడా మనుషులు వస్తారు. వాళ్ళలో చాలామందిని ఏ సభకీ ఎవరూ పిలవరు. స్టీల్‌ప్లాంటులో నైట్ షిఫ్టు దిగి వచ్చి నోటు పుస్తకంలో రాసుకునే ఆయన, ఫ్లెక్సీలు వచ్చాక సైన్‌బోర్డుల పని పోయి ఇంట్లో కాన్వాసు మీద గీసుకుంటున్న పెయింటరు, ఫోనుతో మూడేసి నిమిషాల వీడియోలు తీసి ఎవరికీ చూపించని నర్సమ్మ. షాపు మీద డాబా ఉంది. చలికాలంలో అక్కడ వీళ్ళ కోసం సాయంత్రాలు పెడుతుంటాను. మా ఊళ్ళోనూ పెట్టుకుంటాం, ఎలాగో చెప్పండి అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అందుకని ఇదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు వెలుతురు సంగతి చూడాలి. మైకు, కుర్చీలు, టీ అన్నీ దాని తర్వాతే. బొమ్మలకి వెలుతురు కావాలి. వీడియోకి చీకటి కావాలి. కవిత చదివేవాళ్ళకి కాగితం కనపడేంత దీపం చాలు, వినేవాళ్ళకి పక్కవాడి ఫోను మీదకి చూపు పోనంత మసక ఉంటే మంచిది. ఈ మూడింటినీ ఒక్క సాయంత్రంలో కలిపేస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బొమ్మల కోసం వేసిన ట్యూబులైటు వెలుగులో వీడియో వెలిసిపోతుంది, వీడియో కోసం లైట్లు తీసేస్తే బొమ్మలు గోడకి నల్ల చతురస్రాల్లా వేలాడతాయి. కాబట్టి ఆ రోజు పొద్దు ఎన్నింటికి గుంకుతుందో చూసుకుని, కార్యక్రమాన్ని దానికి తగ్గట్టు పేర్చుకోండి.

మాకు డిసెంబరు నెలలో ఐదూ ఇరవై దాటేసరికి సూర్యుడు దిగిపోతాడు, ఇంకో అరగంటకి ప్రొజెక్టరుకి సరిపడా చీకటి పడుతుంది. అదే జూన్‌లో అయితే ఆరున్నర దాకా వెలుగే, ఏడు దాటితే గానీ తెరమీద బొమ్మ నిలవదు. అక్టోబరు, నవంబరు మాత్రం వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపానుని చూసిన ఊరు ఇది, ఆ రెండు నెలలూ ఆరుబయట ఏదీ నమ్మకం లేదు. పైగా కార్తీకమాసంలో సాయంత్రం పూట ఆడవాళ్ళకి దీపాల పని ఉంటుంది, వాళ్ళు రాలేరు. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. సంక్రాంతి వారం ఊళ్ళో ఎవరూ ఉండరు కాబట్టి అది వదిలేయండి. రోజు ఆదివారమే పెట్టండి. మర్నాడు ఆఫీసులుంటాయి గనక ఎనిమిదిన్నరకి జనం వాళ్ళంతట వాళ్ళే లేస్తారు, మీరు పొమ్మనక్కర్లేదు.

చోటు

హాలు అద్దెకి తీసుకోవచ్చు. ద్వారకానగర్ పౌరగ్రంథాలయంలో సాహిత్య సభలు జరుగుతూనే ఉంటాయి. హైదరాబాదులో అయితే బంజారాహిల్స్‌లో 2010 నుంచీ లామకాన్ అనే కళల వేదిక ఉంది, కొత్తవాళ్ళు అక్కడ ఎంతోమంది మొదలుపెట్టారు. కానీ హాలుకి ఒక స్వభావం ఉంటుంది. వేదిక ఉంటే దాని మీద కుర్చీలు వేయాలనిపిస్తుంది. కుర్చీలు వేస్తే పెద్దల్ని కూర్చోబెట్టాలనిపిస్తుంది. ఇక శాలువాలు మొదలు. నేను డాబానే ఇష్టపడతాను.

డాబాలో అసలు విలువైన చోటు మెట్లూ, మెట్లెక్కగానే వచ్చే చిన్న గదీ. బొమ్మలన్నీ అక్కడే పెట్టండి. ఎవరు పైకి రావాలన్నా వాటి పక్క నుంచే రావాలి, దిగేటప్పుడు మళ్ళీ చూడాలి. డాబా మీద చీకటి చేసినప్పుడు కూడా మెట్లగదిలో లైటు వేసి ఉంచుకోవచ్చు, తలుపుకి ఒక ముదురు రంగు దుప్పటి అడ్డం కడితే సరి. వెలుతురూ చీకటీ పోట్లాడుకునే గొడవ ఈ ఒక్క దుప్పటితో సగం తీరుతుంది.

పిట్టగోడ నడుము కంటే తక్కువ ఎత్తుంటే దానికి రెండడుగులు ఇవతలే తాడు కట్టండి. చీకట్లో వీడియో చూస్తూ వెనక్కి జరిగేవాళ్ళుంటారు, పిల్లలుంటారు. డాబా ఎంత పెద్దదైనా యాభై మందిని మించి పిలవకండి. ఇంటి ఓనరుకి ముందు చెప్పాలి, అది అందరికీ తెలుసు. కింద పోర్షన్ వాళ్ళకి చెప్పాలన్నది మాత్రం చాలామంది మర్చిపోతారు. మా కింద ఉండే పిన్నిగారికి పది రోజుల ముందే చెబుతాను, మొదటి టీ గ్లాసు ఆవిడకే ఇస్తాను. ఆవిడ కుర్చీ మెట్లగది గుమ్మం పక్కన. ఎవరైనా మెట్ల మీద గట్టిగా మాట్లాడితే ఆవిడే అదిలిస్తుంది, నాకు ఆ పని తప్పుతుంది.

మైకు పెట్టేట్టయితే పోలీస్ స్టేషన్‌కి ఒక అర్జీ ఇవ్వాలి. సాహిత్య, చిత్రకళా కార్యక్రమం అని రాసి, తేదీ, టైము, ఎంతమంది వస్తారో, బాధ్యులెవరో ఫోను నంబరుతో సహా రాసి, అందినట్టు రెండో కాపీ మీద స్టాంపు వేయించుకుని, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకరు కూడదు, ఇళ్ళ మధ్య పగలు 55 డెసిబెల్స్ పరిమితి. పది దాకా మీరు ఎలాగూ ఉండరు. వీడియోల విషయంలో ఇంకోటి. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం బహిరంగ ప్రదర్శనకి సర్టిఫికెట్ అడుగుతుంది. మన వీడియోలకి అవేవీ ఉండవు. అందుకే టికెట్ పెట్టను, గోడ మీద పోస్టరు వేయను. పేరు పేరునా పిలుస్తాను, వచ్చేవాళ్ళ జాబితా ముందే రాసుకుంటాను.

మనుషుల్ని పట్టుకోవడం

ఇలా రాసేవాళ్ళూ గీసేవాళ్ళూ దాక్కుని ఉంటారు కాబట్టి మనమే వెళ్ళాలి. యూనివర్సిటీ చుట్టుపక్కల జెరాక్స్ షాపులు, ఫైన్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ ఎదుట టీ కొట్లు, ఫ్రేములు కట్టే షాపులు, పెళ్ళిళ్ళకి వీడియో తీసే కుర్రాళ్ళు. ఫ్రేములు కట్టేవాడికి ఊళ్ళో ఎవరెవరు బొమ్మలు వేస్తారో మనకంటే బాగా తెలుసు. రాసేవాళ్ళూ గీసేవాళ్ళూ వచ్చి కలవమని పావు ఠావు కరపత్రం ఒకటి వేసి ఈ చోట్ల పది పది ఉంచి రండి. కరపత్రాన్ని చిన్న చూపు చూడక్కర్లేదు. 1970 ఫిబ్రవరిలో ఈ ఊళ్ళోనే శ్రీశ్రీ షష్టిపూర్తి జరుగుతుంటే, రచయితలారా మీరెటువైపు అని నిలదీస్తూ విద్యార్థులు పంచింది కరపత్రమే. అదే ఏడాది జులైలో విరసం, అంటే విప్లవ రచయితల సంఘం, పుట్టింది.

లెక్క ఇలా వేసుకోండి: చదివేవాళ్ళు ఐదుగురు, బొమ్మలు వేసేవాళ్ళు నలుగురు, వీడియోలు ఐదో ఆరో, ఆ వీడియోలన్నీ కలిపి ముప్ఫై అయిదు నిమిషాలు మించకుండా. ఇంతకంటే ఎక్కువ పెడితే చివరివాళ్ళకి అన్యాయం జరుగుతుంది. మొహమాటానికి ఆరో కవిని ఒప్పుకుంటే ఆయన వెంట ఏడో ఆయన వస్తాడు.

పేర్ల విషయంలో చాలా జాగ్రత్త. గవర్నమెంటు ఉద్యోగంలో ఉండి రాసేవాళ్ళుంటారు. ఇంట్లో తెలియకుండా రాసే ఆడపిల్లలుంటారు. ఇంటిపేరుతో కులం తెలిసిపోతుందని పేరు ముక్కలు చేసుకున్నవాళ్ళుంటారు. ఎవరు ఏ పేరు చెబితే ఆ పేరే కాగితం మీద వేయాలి, అసలు పేరేంటని అడగకూడదు, తెలిసినా మైకులో అనకూడదు. లైవ్ పెట్టకూడదు. ఫోటోలు తీయాలంటే ముందే అడిగి, ఒప్పుకున్నవాళ్ళవే తీయాలి. వచ్చిన జనానికి కూడా మొదటే ఈ మాట చెప్పాలి. నా షాపులో వాళ్ళు టైపు చేయించుకున్న ఫైళ్ళు వాళ్ళు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళగానే తుడిచేస్తాను, అది తెలుసు గనకే వస్తారు.

చదివేవాళ్ళ కోసం

మొదటి పని కాగితం. ఫోనులో చూసి చదవనివ్వకండి. ఫోను వెలుగు గడ్డం కింద నుంచి పడి మొహం దెయ్యంలా కనిపిస్తుంది, మధ్యలో ఏదో ఒక మెసేజ్ వస్తుంది, వేలు తగిలితే కవిత పైకెళ్ళిపోతుంది. అందరి కవితలూ ముందే తెప్పించుకుని పద్దెనిమిది పాయింట్ల సైజులో, పాదానికీ పాదానికీ మధ్య జాగా వదిలి, ఒకవైపే ప్రింటు తీయండి. పాదం మధ్యలో పేజీ తిరగకుండా చూడండి.

ఇక్కడ మా వృత్తి తాలూకు ముక్క ఒకటి. పాతకాలం వాళ్ళ ఫైళ్ళు అనూ అనే పాత తెలుగు ఫాంట్లలో ఉంటాయి, పేజ్‌మేకర్‌లో టైపు చేయించినవి. అవి మీ కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన పిచ్చి గీతలు వస్తాయి. కంగారుపడకండి, ఫైలు పాడవలేదు. అనూ నుంచి యూనికోడ్‌కి, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే పద్ధతికి, మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కానీ మార్చాక తప్పకుండా అక్షరం అక్షరం చూడాలి, ఒత్తులూ సున్నలూ తప్పిపోతాయి. ఒక్క ఒత్తు పోతే కవితలో అర్థమే మారిపోవచ్చు. యూనికోడ్‌లో మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. చీకట్లో చదవడానికి మండలి బాగుంటుంది, బొద్దుగా ఉండే రామభద్ర పేర్ల చీటీలకి.

ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు. ఈ ఏడులోనే ముందుమాట కూడా. తెలుగు కవి కవిత కంటే దాని నేపథ్యం ఎక్కువ చెబుతాడు, ఎందుకు రాశాడో, ఎప్పుడు రాశాడో, రాసినప్పుడు ఎవరు మెచ్చుకున్నారో. నేను వారం ముందే ఒకసారి షాపులోనే చదివించి టైము చూస్తాను. గంట కొట్టడం మర్యాద కాదు గానీ, ఆరో నిమిషంలో దీపం పక్కన నిలబడితే అర్థం చేసుకుంటారు.

వరస కూడా ఆలోచించి పెట్టాలి. మొదట చదివేది బెదరని మనిషి అయ్యుండాలి, కవిత మామూలుదైనా పరవాలేదు. అప్పటికి జనం ఇంకా కుర్చీలు సర్దుకుంటుంటారు. అందరికంటే బలమైన రచన రెండోది. మొట్టమొదటిసారి నలుగురి ముందు చదువుతున్న పిల్లని మూడో చోట పెట్టండి, అప్పటికి వినే చెవి తయారవుతుంది. పాడేవాళ్ళుంటే చివర. పాట తర్వాత కవిత పెడితే ఆ కవి పని అయిపోయినట్టే.

శ్రీకాకుళం, విజయనగరం వైపు పిల్లలు తమ యాసలో రాసుకొచ్చి, చదివే ముందు దాన్ని పుస్తకాల భాషలోకి దిద్దేస్తుంటారు. దిద్దనివ్వకండి. రావిశాస్త్రి ఈ ఊళ్ళో లాయరు, ఈ నేల మాటతోనే తెలుగు కథలో అంత పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఆ సంగతి చెబితే కొంచెం ధైర్యం వస్తుంది. ఎల్లిపోనాడు అని రాసుకున్న పిల్ల వెళ్ళిపోయాడు అని చదివితే ఆ పాదం చచ్చిపోతుంది.

మైకు గాలికి గరగర మంటుంది, మాకు సముద్రపు గాలి మరీ ఎక్కువ. మైకు తలకి నురగ తొడుగు వేయండి, లేకపోతే మందపాటి మేజోడు తొడిగినా పనిచేస్తుంది. ముప్ఫై మంది లోపైతే అసలు మైకే వద్దు. గొంతుతో చదివితే జనం ముందుకు వంగి వింటారు. దీపానికి స్టాండుకి తగిలించే చిన్న క్లిప్పు లైటు చాలు, చదివేవాళ్ళ భుజం వెనక నుంచి కాగితం మీద పడేట్టు పెట్టండి.

అధ్యక్షుడు, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథి, జ్యోతి ప్రజ్వలన, వందన సమర్పణ ఏవీ వద్దు. వీటికి గంటన్నర పోతుంది, ఆ గంటన్నరలో పొద్దు గుంకిపోతుంది, బొమ్మలు ఎవరూ చూడరు. పెద్దమనిషి లేకపోతే సభకి నిండుదనం ఉండదని ఎవరైనా అంటే, 1960ల్లో తెలుగు కవిత్వాన్ని కుదిపేసిన ఆరుగురు దిగంబర కవుల సంగతి చెప్పండి. 1965 మే నెలలో హైదరాబాదులో అర్ధరాత్రి తమ మొదటి సంపుటిని ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. 1966 డిసెంబరులో రెండోది విజయవాడలో, హోటల్లో పనిచేసే మనిషి చేత. మూడోది 1968లో మా విశాఖలోనే, ఒక బిచ్చగత్తె చేత. మన డాబా మీద ఆవిష్కరించడానికి పుస్తకం ఏమీ ఉండదు గనక నేను మొదటి లైటు స్విచ్చి వేసే పని కుర్చీలు మోసుకొచ్చిన కుర్రాడికి ఇస్తాను, కాస్త సిగ్గుపడతాడు గానీ వేస్తాడు.

బొమ్మలు

అద్దె ఇంటి గోడకి మేకులు కొట్టనివ్వరు. షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే సప్లయర్స్ దగ్గర సరుగుడు కర్రలు దొరుకుతాయి. మెట్లగదిలో గోడకి ఆనించి రెండు నిలువు కర్రలు, పైన ఒక అడ్డకర్ర కట్టి, చేపల గాలానికి వాడే నైలాన్ దారంతో కాన్వాసులు వేలాడదీయండి. దారం కనపడదు, బరువూ ఆపుతుంది. ముడి జారుతుంది కాబట్టి రెండు మూడు చుట్లు వేసి కట్టాలి. కాగితం మీద వేసినవైతే వెనక ఒక ఫోమ్‌బోర్డు పెట్టి పైనా కిందా బైండర్ క్లిప్పులు. డాబా మీద బట్టలారేసే దండెం ఉంటుంది కదా అని దానికి తగిలించకండి, గాలికి ఎగిరి నీళ్ళ ట్యాంకు వెనక పడతాయి.

ఎత్తు: నేల నుంచి బొమ్మ మధ్య భాగానికి సుమారు 57 అంగుళాలు. గ్యాలరీల్లో వాడే కొలత ఇది, నిలబడ్డ మనిషి కళ్ళకి ఎదురుగా వస్తుంది. మెట్ల పక్కన పెట్టేవాటికి ఏ మెట్టు దగ్గర బొమ్మ ఉందో ఆ మెట్టు నుంచే కొలవాలి, అప్పుడు వరస మెట్లతో పాటే ఏటవాలుగా ఎక్కుతుంది. బొమ్మకీ బొమ్మకీ మధ్య జానెడు జాగా అయినా వదలండి. నలుగురు పెయింటర్లు తలా ఆరు తెస్తారు, గోడ పన్నెండింటికే సరిపోతుంది. ఏవి ఆపాలో వాళ్ళతోనే తేల్చండి. మీరు తేలిస్తే మాట వస్తుంది.

మామూలు ట్యూబులైటు కింద ఎరుపు మాసిపోయి కనిపిస్తుంది. ఎలక్ట్రికల్ షాపులో సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 ఉన్న ఎల్ఈడీ బల్బు అడగండి, డబ్బా మీద రాసి ఉంటుంది. రంగులు ఉన్నవి ఉన్నట్టు కనపడతాయి. లైటు నేరుగా ఎదురుగా పెడితే మెరుస్తుంది, పై నుంచి ఏటవాలుగా, ముప్ఫై డిగ్రీల కోణంలో పడాలి. అద్దం ఫ్రేములున్నవాటిని కిటికీకి ఎదురుగా పెట్టొద్దు, సాయంత్రం ఎండంతా అందులోనే కనిపిస్తుంది.

ఆక్రిలిక్ బొమ్మలు తెచ్చేటప్పుడు ఒకదాని మొహం మీద ఇంకోటి పెట్టి ఆటోలో వేసుకొస్తారు. మన తేమకీ ఉక్కకీ రంగు మెత్తబడి అంటుకుంటుంది, విడదీస్తే పొర లేస్తుంది. మధ్యలో బటర్ పేపర్ పెట్టుకుని రమ్మని ముందే చెప్పండి. న్యూస్‌పేపరు మాత్రం వద్దు, సిరా దిగుతుంది. నీటిరంగుల కాగితాలకి మంచు పనికిరాదు. డిసెంబరు, జనవరిల్లో ఎనిమిది దాటాక మంచు దిగుతుంది, అవి మెట్లగది దాటి బయటికి రాకూడదు.

ధర. ఇది పెయింటర్లకి అన్నిటికంటే కష్టమైన ముక్క. మీ ఇష్టం అంటారు. అలా రాస్తే ఎవరూ కొనరు, అడగడానికి మొహమాటపడతారు. కొలత లెక్క చెబుతాను: పొడవుని వెడల్పుతో గుణించి, చదరపు అంగుళానికి ఒక రేటు పెట్టండి. 12 ఇంటూ 16 అంగుళాల కాన్వాసు అంటే 192 చదరపు అంగుళాలు, పది రూపాయల చొప్పున 1,920 రూపాయలు. అదే మనిషి బొమ్మలన్నిటికీ అదే రేటు. ఒకటి తనకి బాగా ఇష్టమని మూడింతలు పెడితే, అమ్మకానికి కాదు అని రాసేయడం మేలు. పక్కన చీటీ మీద పేరు, ఏ రంగులు, కొలత, ధర, కింద ఆ పెయింటరు సొంత క్యూఆర్ కోడ్. డబ్బు నా చేతి మీదుగా పోనివ్వను. కమీషన్ తీసుకోను.

వీడియోలు

వీడియోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగిపోయి వస్తాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా పెన్‌డ్రైవ్ తెమ్మనండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే నాలుగు జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు, ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోవాలి. వారం ముందే అన్నీ చేతిలో ఉండాలి. ఆ సాయంత్రం మెట్లెక్కుతూ ఇచ్చే పెన్‌డ్రైవ్‌ని మర్యాదగా జేబులో వేసుకుని వచ్చేసారి చూద్దామనాలి.

ఫోనుతో తీసినవాటిలో సెకనుకి ఇన్ని ఫ్రేములనే లెక్క నిలకడగా ఉండదు, అందుకే కొన్ని చోట్ల పెదాలు ఒకటి, మాట ఒకటి అవుతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫ్రేము రేటు స్థిరంగా పెట్టి అన్నిటినీ హెచ్.264 ఎంపీ4 అనే మామూలు రకంగా మార్చుకోండి. శబ్దం కూడా అన్నిటికీ ఒకే స్థాయికి తెచ్చుకోవాలి. ఒకటి గుసగుసలాడి, తర్వాతది పిడుగులా పడితే కింద పోర్షన్‌లో పసిపాప లేస్తుంది. వెనకాల సినిమా పాట పెట్టుకున్నవాళ్ళ చేత తీయించేయండి. హక్కుల గొడవ ఒకటి, రెండోది ఆ పాట వినగానే జనం ఆ సినిమాలోకి వెళ్ళిపోతారు.

తెలుగు అక్షరాలు వీడియోలో వేసేటప్పుడు కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఒత్తులు విడగొడతాయి. క్ష, స్త్ర లాంటివి చూస్తే తెలిసిపోతుంది. అలాంటప్పుడు అక్షరాల్ని వేరేచోట టైపు చేసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా చేసి వీడియో మీద పెట్టుకోవడమే మార్గం. ఈ పని కోసం షాపుకి వచ్చే కుర్రాళ్ళకి నేను డబ్బులు తీసుకోను, చివర్లో థాంక్స్ కార్డు వేస్తామంటారు, అది కూడా వద్దంటాను.

నిలువుగా తీసిన వీడియోల్ని కోసి అడ్డంగా చేయకండి. మనిషి తల, కాళ్ళు పోతాయి. అన్నిటినీ ఒకచోట వరసగా వేయండి, కళ్ళు ఒకసారి అలవాటు పడితే చాలు.

తెరకి డబుల్‌బెడ్ తెల్ల దుప్పటి పనిచేస్తుంది గానీ వెనక నుంచి వెలుగొస్తే పల్చబడుతుంది. మా లాంటి షాపులో మిగిలిన ఫ్లెక్సీ ముక్క అడగండి, వెనకవైపు తెల్లగా ఉండేది చూసి. మూలలకి కంతలు కూడా వేసిస్తారు. నాలుగు మూలలా కట్టినా సముద్రపు గాలికి మధ్యలో పొట్ట వస్తుంది, కింద అంచుని మడిచి అందులో ఒక ఇనప పైపు దూర్చండి. తెరని తూర్పు వైపు ఉంచండి, అప్పుడు జనం పడమటికి వీపు పెట్టి కూర్చుంటారు, మిగిలిన వెలుగు కళ్ళల్లో పడదు. ఆ వెలుగు తెర మీద పడుతుంది కదా అంటారా, అందుకేగా మధ్యలో టీ.

మామూలు ప్రొజెక్టరు ఆరడుగుల వెడల్పు బొమ్మకి ఎనిమిది, తొమ్మిది అడుగుల దూరం అడుగుతుంది. అంతకంటే పెద్ద బొమ్మ ఆశపడితే పాలిపోతుంది. అద్దెకి తెచ్చేటప్పుడు వెలుగు మూడు వేల ఏఎన్ఎస్ఐ ల్యూమెన్లు (ప్రొజెక్టరు వెలుగుకి కొలత) ఉందో లేదో అడగండి, చవక రకం డబ్బాల మీద రాసే అంకెల్ని నమ్మక్కర్లేదు. హెచ్‌డీఎంఐ కేబుల్ పదిహేను మీటర్లు దాటితే బొమ్మ తెగుతుంది, ల్యాప్‌టాప్‌నే ప్రొజెక్టరు పక్కకి తెచ్చుకోండి. ల్యాప్‌టాప్‌లో నిద్రపోయే సెట్టింగు, నోటిఫికేషన్లు తీసేయండి, వీడియోలు ఆడించే వీఎల్‌సీలో ఫైలు పేరు తెర మీద పడకుండా ఆపండి. అసలు పేరు దాచుకున్న మనిషి పేరు ఫైలు పేరులో ఉండి తెర మీద పడితే ఇంత జాగ్రత్తా వృథా. కరెంటు పోయే వీలుంది గనక ప్రొజెక్టరునీ స్పీకరునీ ఇంటి ఇన్వర్టర్ మీద పెట్టి ముందురోజు ఒకసారి నడిపి చూడండి.

ఆ రోజు

డిసెంబరు లెక్కలో చెబుతున్నాను. మధ్యాహ్నం రెండుకి కర్రలు, కుర్చీలు, జంపఖానాలు వచ్చేయాలి. కుర్చీలు పాతికే చాలు, మిగతావాళ్ళు జంపఖానాల మీద కూర్చుంటారు, కుర్రాళ్ళకి అదే ఇష్టం. నాలుగింటికి బొమ్మలు కట్టడం అయిపోవాలి. నాలుగూ ముప్పావు నుంచి జనం, నలభై అయిదు నిమిషాలు బొమ్మల దగ్గరే. పెయింటర్లని వాటి పక్కన నిలబడమనండి, కానీ అర్థం చెప్పొద్దనండి, అడిగితేనే. ఐదున్నరకి చదవడం. ఆరూ పదికి అది ముగించి టీ. ఈ టీ పేరుకే, అసలు పని చీకటి బాగా చిక్కబడేదాకా ఆగడం. పెద్ద క్యానులో టీ, బీచ్ దగ్గర కలిపే మురీ మిక్చరు అబ్బాయిని బండితో సహా గుమ్మం దగ్గరకి పిలిపించుకుంటే చేతికి పొట్లాలు అందుతాయి, పైకి ప్లేట్ల గొడవ ఉండదు. ఆరున్నరకి దుప్పటి దించి వీడియోలు. ఏడూ పదికి దుప్పటి తీసేయడం, మళ్ళీ బొమ్మలు. కొనేవాళ్ళు ఎక్కువగా కొనేది ఈ రెండో చుట్టులోనే, మొదటి చుట్టులో ఇంటికి సరిపోతుందా లేదా అని ఆలోచించుకుంటుంటారు.

దోమల బత్తీలు కుర్చీల కింద పెట్టండి, కాగితాల దగ్గర కాదు.

వీడియో అవగానే ఎవరో ఒకరు లేచి రెండు మాటలు మాట్లాడతానంటారు. మాట్లాడనివ్వండి, కానీ మైకు అప్పటికే ఆపేసి ఉంచండి. మైకు లేకపోతే రెండు మాటలే అవుతాయి.

ఖర్చులకి మెట్లగది గుమ్మంలో ఒక డబ్బా పెడతాను, ఎంత వేయాలో రాయను. చదివినవాళ్ళకీ వీడియో ఇచ్చినవాళ్ళకీ తలా అయిదు వందలు కవరులో, పేరున్నవాళ్ళకైనా కొత్తవాళ్ళకైనా ఒకటే. డబ్బా నిండకపోతే ఆ తేడా షాపు భరించాలి, భరించలేనంటే ముందే తక్కువ మందిని పిలుచుకోవాలి. శాలువా మాత్రం ఎవరికీ కప్పను.

మర్నాడు అమ్ముడుకాని బొమ్మలు ఎవరివి వాళ్ళకి అందాయో లేదో ఫోను చేసి కనుక్కోండి, మీ ఇంట్లో వారం ఉంచుకుంటే వాళ్ళకి అడగడానికి మొహమాటం. ల్యాప్‌టాప్‌లోంచి వీడియోలు తుడిచేయండి, ఉంచుకోవాలనిపిస్తే అడిగి ఉంచుకోండి. కర్రలూ కుర్చీలూ పదింటికల్లా బేగి పంపేయండి, దాటితే సప్లయర్స్ వాడు రెండో రోజు అద్దె రాసుకుంటాడు.